రాతనే నమ్ముకుని బతకాలంటే ముందు ఏ పని పట్టుకోవాలి?

దాళ్వా (రబీ వరి) కోతలు నడుస్తున్న రోజుల్లో పాలకొల్లు దగ్గర ఊరి నుంచి ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. బీఈడీ చేసింది. ప్రైవేటు స్కూల్లో మూడేళ్లు పాఠాలు చెప్పి మానేసింది. తెలుగు చక్కగా రాస్తుంది. అప్పటికే చేతిలో రెండు పనులున్నాయి. ఒకటి బెంగళూరు అనువాద ఏజెన్సీది, మాటకు ఇంతని లెక్క. రెండోది భీమవరం వైపు రొయ్యల మేత అమ్మే డీలరుది. రైతులకు వాట్సాప్‌లో పంపే సూచనలు, కరపత్రాలు, చిన్న వీడియోలకు మాటలు రాసిపెడితే నెలకు ఇంతని ఇస్తామన్నారు. కాగితం మీద లెక్కేస్తే ఏజెన్సీదే దాదాపు రెట్టింపు. "రెంటిలో ఏది పట్టుకోమంటావక్కా?" అని అడిగింది.

పదకొండేళ్లుగా నేను ఉద్యోగం లేకుండా రాత మీదే బతుకుతున్నాను. కోనసీమలో గోదావరి పాయల మధ్య లంక ఊళ్లో ఉంటూనే పత్రికలకు రాశాను, అనువాదాలు చేశాను, దుకాణాలకు రాశాను, పెద్దవాళ్ల జీవిత కథలు రాశాను, నా సొంత కథలూ రాసుకున్నాను. అన్నీ చేశాక, పని ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది రేటు కాదు. రెండు విషయాలు చూస్తాను: డబ్బు చేతికి ఏ రోజున వస్తుంది? పని అయిపోయాక నా దగ్గర ఏం మిగులుతుంది? ఈ రెండూ తేలాకే రేటు సంగతి.

మన రైతుకు ఇది కొత్త లెక్కేం కాదు. ఎకరానికి ఎన్ని బస్తాలన్నది ఒక్కటే చూసుకుంటే అతని ఇల్లు గడవదు. సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బు ఎప్పుడు పడుతుంది, ఈలోగా కొబ్బరి దింపు ఎన్నిసార్లు వస్తుంది, చెరువు కౌలు ఎప్పుడు కట్టాలి, ఇవన్నీ కలిపి చూసుకుంటాడు. రాతపనిలోకి వచ్చేసరికి మనం ఆ తెలివి గట్టున వదిలేసి మాటకు ఎంతిస్తారన్న దగ్గరే ఆగిపోతాం.

అనువాద ఏజెన్సీ

ఏజెన్సీ పనిలో డబ్బు ఎలా నడుస్తుందో తేదీలతో చెబుతాను. జూన్ 1న ఒక ఫైలు చేసి పంపారనుకోండి. బిల్లు నెలాఖరుకు పెట్టాలి, అంటే జూన్ 30న. వాళ్ల షరతు 'నెట్ 45', అంటే బిల్లు పెట్టిన 45 రోజులకు, అయితే డబ్బు ఖాతాలో పడేది ఆగస్టు 14న. చేసిన రోజుకూ వచ్చిన రోజుకూ మధ్య 74 రోజులు. 'నెట్ 60' అయితే ఆగస్టు 29. ఆ రెండున్నర నెలలూ ఇల్లు దేనితో నడుపుతారో ముందే తెలిసుండాలి. మూడు నెలల ఖర్చు చేతిలో లేకుండా ఏజెన్సీ పని ఒక్కదాన్నే నమ్ముకుంటే, రెండో నెలకే ఎవరో ఒకరి దగ్గర చేబదులు అడగాల్సి వస్తుంది.

పైకి కనిపించే రేటు పూర్తిగా చేతికి రాదు కూడా. పాత అనువాదాలు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో ఇంతకు ముందు వచ్చిన వాక్యాన్ని పోలిన వాక్యం మళ్లీ వస్తే దానికి సగమో పావో కట్టి ఇస్తారు. యంత్రం చేసిన అనువాదాన్ని దిద్దే పనికి ఇంకా తక్కువ. ఆ తెలుగు చదవడానికి నున్నగానే ఉంటుంది, కానీ తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి మొదటి నుంచి రాసినంత సేపూ పడుతుంది. కాబట్టి ఒప్పుకునే ముందు ఒక ఫైలు చేసి చూసి, గంటకు ఎంత పడిందో లెక్క కట్టుకోండి.

ఇక మిగిలేది? గోప్యత ఒప్పందం మీద సంతకం పెడతారు గనక చేసిన పని నమూనాగా ఎవరికీ చూపించలేరు. పేరు ఎక్కడా ఉండదు. అయినా నేను దీన్ని తీసిపారేయను. గడువు అంటే ఏమిటో, పదకోశం ఎలా కట్టుకోవాలో, ఒకే మాటను వంద పేజీల్లో ఒకేలా వాడటం ఎలాగో నాకు నేర్పింది ఏజెన్సీ పనే. మొదటి రెండేళ్లకు మంచి బడి. చేతిలో కాస్త నిల్వ డబ్బుండి, ఇంట్లో ఇంకొకరి జీతం ఉంటే నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు.

మన చుట్టుపక్కల వ్యాపారాలు

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. గోదావరి డెల్టాలో ఉండి రాసేవాళ్లకు బయటివాళ్లెవరికీ లేని బలం ఇక్కడే ఉంది.

నాలుగేళ్ల కిందట రొయ్యల మేత కంపెనీ ఒకటి ఇంగ్లీషు కరపత్రం ఇచ్చి తెలుగు చేయమంది. అందులో ఒక వాక్యాన్ని నేను మొదట ఇలా రాశాను: 'చెరువులో కరిగిన ఆక్సిజన్ స్థాయిని తగిన విధంగా నిర్వహించుకోవాలి.' తప్పు ఒక్కటీ లేదు. దాన్ని పట్టుకెళ్లి మాకు తెలిసిన బాబాయిగారికి చూపించాను. ఆయన ఇరవై ఏళ్లుగా చెరువులు చేస్తున్నారు. కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఇదేటమ్మాయ్, బ్యాంకు కాగితంలాగుంది? ఇందులో నేనేం చెయ్యాలో లేదుగా" అన్నారు. మరి మీరు ఎలా చెబుతారండీ అని అడిగాను. "ఏముందమ్మా, తెల్లారగట్ల డీవో పడిపోద్ది. రొయ్య నీటిమీద తేలాడుతుంటే ఏరియేటర్ ఆపకూడదు, ఆ పూట మేత వెయ్యకూడదు. అంతే కదా" అన్నారు. డీవో అంటే నీటిలో కరిగిన ఆక్సిజనే, ఏరియేటర్ అంటే నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రం.

ఇంటికొచ్చి ఆ ఒక్క ముక్కనీ మూడు చిన్న వాక్యాలుగా రాశాను. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా ఏరియేటర్లు ఆపొద్దు. రొయ్య పైకి తేలుతుంటే డీవో తగ్గిందని గుర్తు. ఆ పూట మేత మానేయండి. కంపెనీలో ఉన్న ఆక్వా నిపుణుడు అది చూసి, విషయం సరిగ్గానే ఉంది, ఇలాగే మిగతాది కూడా తిరగరాయండి అన్నాడు. రాత్రంతా చెరువులో మొక్కలూ జీవాలూ ఆక్సిజన్ వాడుకుంటాయి, ఎండ ఉంటే తప్ప కొత్తగా తయారవదు, అందుకే తెల్లవారే ముందు అది అడుగంటుతుంది. ఆ సంగతి రైతుకు తెలుసు, నిపుణుడికీ తెలుసు. ఒకరి మాట రెండోవారికి అందేలా రాయడమే మన పని. హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చున్న రచయితకు 'పట్టుబడి', 'కౌంట్', 'పిల్ల' అన్న మాటలు చెరువు గట్టున ఏ అర్థంలో నడుస్తాయో తెలియదు. పెరిగిన రొయ్యలు పట్టడం పట్టుబడి, చెరువులో వదిలే రొయ్యపిల్ల పిల్ల, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పేది కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఈ లెక్క తిరగేసి రాసిన ప్రకటనను నేను అచ్చులో చూశాను.

రొయ్యలొక్కటే కాదు. కడియం, కడియపులంక నర్సరీల వాళ్లు మొక్కలను వేరే రాష్ట్రాలకు లారీల్లో పంపుతారు. వాళ్లకు జాబితాలు కావాలి, మొక్క నాటాక ఏం చేయాలో చెప్పే చీటీలు కావాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల దగ్గర ఫొటోలు బాగుంటాయి, పక్కన రాసిన మాటలు మాత్రం ఎక్కడినుంచో అతికించినట్టుంటాయి. బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద పరిచి రేకు తీయడం మనం కళ్లతో చూసి పెరిగాం. అది చూసినవాళ్లు రాస్తే కొనేవాడికి తేడా తెలుస్తుంది.

డబ్బు వచ్చే రోజు విషయంలో మాత్రం ఇక్కడొక మెలిక ఉంది. మేత డీలరు రైతుకు అరువు మీద ఇస్తాడు. రైతు పట్టుబడి అయ్యాక కడతాడు, వనామీ రకం రొయ్య అయితే మూడు నాలుగు నెలలు. మధ్యలో వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువు పోతే ఆ బాకీ ఎప్పటికో. ఆ అరువు గొలుసుకు చివరి కొసలో మీ బిల్లు వేలాడుతూ ఉంటుంది. అందుకే నేను నెల మొదట్లోనే డబ్బు తీసుకుంటాను. నెలకు ఎనిమిది వాట్సాప్ సూచనలు, రెండు వీడియోలకు మాటలు, ఒక కరపత్రం అని లెక్క రాసుకుని, దాటితే విడిగా అని ముందే చెబుతాను. మొదట్లో నోరు రాలేదు. 'మనవాళ్లే కదా, ఇస్తారులే' అనుకుని ఒక దుకాణానికి ఐదు నెలలు రాశాను, రెండు నెలల డబ్బే వచ్చింది. తెలిసినవాళ్లని రాత ఒప్పందం మానేయడం నేను చేసిన తప్పు. తెలిసినవాళ్లతో అయితే అది ఇంకా అవసరం, లేకపోతే డబ్బుతో పాటు రాకపోకలు కూడా పోతాయి.

ఇంకొక మాట. కొన్ని పనులకు ఒప్పుకోకండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్స్‌ను రొయ్యల సాగులో వాడటం మన దేశంలో నిషేధం. సీసా మీద ఏముందో చెప్పకుండా 'అన్ని రోగాలకూ ఒకే మందు' అని రాయమని వచ్చినవాళ్లు ఉన్నారు. నేను రాయలేదు. నా మాట నమ్మి మా బాబాయిగారు దాన్ని చెరువులో పోస్తే, రేపు ఆయన సరుకు పరీక్షలో తప్పితే, ఆ ఇంటి గడపలో మళ్లీ ఎలా అడుగుపెడతాను?

మిగిలేది చాలా ఉంటుంది ఈ పనిలో. ఒక వ్యాపారం లోతు తెలుస్తుంది, మనుషులు తెలుస్తారు. చూపించడానికి నమూనాలుంటాయి. మూడేళ్లు ఆక్వా గురించి రాసిన మనిషి దగ్గరికి నాలుగో ఏడు పని వెతుక్కుంటూ వస్తుంది.

పత్రికలు, విదేశీ వెబ్‌సైట్లు

పత్రికల గురించి ఎక్కువ చెప్పను. ఊరి విలేకరికి అచ్చయిన కొలతను బట్టి వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. ఆదివారం వ్యాసానికి, కథకు వచ్చే పారితోషికం కూడా అంతే. పేరుకోసం, చేతి సాధన కోసం ఏడాదికి నాలుగైదు రాయండి. ఎడిటర్ కత్తిరించిన మీ వాక్యాన్ని పక్కన పెట్టుకుని ఎందుకు కత్తిరించారో ఆలోచిస్తే, అంత మంచి పాఠం డబ్బు కట్టినా దొరకదు.

అప్‌వర్క్, ఫైవర్ లాంటి పనులు దొరికే వెబ్‌సైట్లలో ఇంగ్లీషులో రాయగలిగితే డాలర్లలో వస్తుంది. ఫైవర్ మీ సంపాదనలో 20 శాతం పట్టుకుంటుంది. అప్‌వర్క్ కాంట్రాక్టును బట్టి 15 శాతం దాకా తీసుకుంటుంది. ఆ పైన డబ్బు మార్పిడి ఖర్చు. 'ఏ విషయమైనా రాస్తాను' అని అక్కడ నిలబడితే ప్రపంచమంతా మీతో పోటీ, ఇప్పుడు యంత్రం కూడా. 'రొయ్యల సాగు గురించి ఇంగ్లీషులో, తెలుగులో రాస్తాను' అంటే వచ్చేవాళ్లు తక్కువమందే, కానీ వచ్చినవాళ్లు బేరం ఆడరు. అందుకే ముందు ఇక్కడి వ్యాపారం నేర్చుకుని తర్వాత అక్కడికి వెళ్లమంటాను.

పెద్దవాళ్ల జీవిత కథలు, ఊరి చరిత్రలు

నా మనసుకు బాగా దగ్గరైన పని ఇదే. డెల్టాలో దీనికి గిరాకీ ఉంది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. నాన్నగారి షష్టిపూర్తికో, తాతగారి సహస్ర చంద్రదర్శనానికో వచ్చినవాళ్లకు వెండి గిన్నెలతో పాటు ఒక పుస్తకం ఇవ్వాలని కొందరికి కోరిక. గుడి జీర్ణోద్ధరణ అప్పుడు, స్కూలుకు వందేళ్లు నిండినప్పుడు ఊరి చరిత్ర రాయిద్దామంటారు.

ఒక మామ్మగారి కథ రాస్తున్నప్పుడు 1986 ఆగస్టు వరదల గురించి అడిగాను. ఆవిడ వరద ఎన్ని అడుగులొచ్చిందో చెప్పలేదు. "మా అత్తగారు విత్తనాల వడ్లు అటక మీదికి ఎక్కించమన్నారు. పట్టుచీరల పెట్టె కిందే ఉండిపోయింది. నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే చీరలన్నీ గోదారి రంగే" అన్నారు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. రికార్డరు తిరుగుతూనే ఉంది. పెరట్లో కొబ్బరాకు పడిన చప్పుడు కూడా అందులో వినిపిస్తుంది. ఆ మాటలు ఆవిడ చెప్పినట్టే పుస్తకంలో పెట్టాను. ఆవిడ మనవరాలు డల్లాస్ నుంచి ఫోన్ చేసి, ఆ పేజీ దగ్గరే ఏడ్చానండీ అంది.

ఇది తేలిక పని అనుకోవద్దు. ఒక గంట మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు నాలుగైదు గంటలు పడుతుంది. పదిసార్లు కూర్చుంటే తప్ప మనిషి మనసు విప్పరు. చెప్పినవన్నీ సరిచూసుకోవాలి. రాజమహేంద్రవరంలో 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఉంది, పాత పత్రికలు, పుస్తకాలు అక్కడ వెతకొచ్చు. ఊరి చరిత్రలకు సర్వేయర్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల వివరాలు, అంటే కైఫియత్తులు, రెవెన్యూ ఆఫీసులో పాత సెటిల్మెంటు రిజిస్టర్లు పనికొస్తాయి. చెరువు పేరు, పుంత (బండి దారి) పేరు, ఎవరి ఇనాం ఏదో ఆ కాగితాల్లో బయటపడుతుంది.

డబ్బు మూడు వాటాలుగా తీసుకోండి: మొదలుపెట్టేటప్పుడు ఒకటి, మొదటి రాతప్రతి చేతిలో పెట్టినప్పుడు ఒకటి, అచ్చుకు ఇచ్చే ముందు ఒకటి. అచ్చయ్యాక ఇస్తామంటే ఒప్పుకోకండి. ఫంక్షన్ ఖర్చుల్లో మీ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంటి తరఫున 'ఇది ఉంచండి, ఇది తీసేయండి' అని చెప్పే అధికారం ఒక్కరికే ఉండేలా ముందే రాయించుకోండి. లేకపోతే పెద్దల్లుడి ఫొటో చిన్నదైందని పుస్తకం ఆరు నెలలు ఆగుతుంది.

అచ్చు దగ్గర ఒక జాగ్రత్త. మనం ఫోన్లో, కంప్యూటర్లో యూనికోడ్‌లో రాస్తాం. చాలా ప్రెస్సుల్లో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల మీదే పేజీలు కడతారు. మార్చేటప్పుడు ఒత్తులు తారుమారవుతాయి. 'ఆక్సిజన్‌లో' అన్నది 'ఆక్సిజన్లో' అయిపోతుంది. కాబట్టి మార్చాక మళ్లీ మొత్తం ప్రూఫు చదవాలి, ఆ చదివినందుకు కూడా మీ ధరలో డబ్బు కలుపుకోవాలి.

సొంత రచన, సినిమా

సొంత పుస్తకం కొబ్బరి మొక్క లాంటిది. పొడుగు రకం నాటితే కాపుకు ఆరేడేళ్లు. ఈలోగా దానికి నీళ్లు పోయడానికి వేరే ఆదాయం కావాలి. కానీ ఒకసారి కాసిందంటే అది మీది. మన వైపు పొలమూరులో 1891లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు. రచయిత పోయాక మరో 60 ఏళ్లు కాపీరైట్ హక్కు వారసులకు ఉంటుంది గనక, ఆయన రచనల మీద ఆ హక్కు 2021 చివరి దాకా నడిచింది. ఒక మనిషి గోదావరి ఒడ్డున కూర్చుని రాసింది మూడు తరాలకు ఆస్తి. మాటకు ఇంతని అమ్మేసిన రాతకు ఆ గుణం లేదు.

అందుకే ఒప్పందంలో హక్కుల వాక్యం తప్పక చదవండి. ఉద్యోగిగా రాస్తే హక్కు యజమానిది. బయటి నుంచి రాసిచ్చేవాళ్లకు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కుదారు రాసినవాళ్లే. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతలో, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకు, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు లెక్క. సీరియల్ కథలు వేసే యాప్‌ల ఒప్పందాల్లో ఆడియోకు, వీడియోకు, పుస్తకానికి అన్నిటికీ కలిపి ఒకే వాక్యంలో హక్కు రాయించుకునేవి ఉంటాయి. మీ మంచి కథను అక్కడ పెట్టే ముందు ఆ వాక్యం రెండుసార్లు చదవండి. సొంతంగా పుస్తకం వేసుకుంటే పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు ప్రభుత్వ సంస్థ నుంచి ఉచితంగానే వస్తుంది, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

సినిమా, వెబ్ సిరీస్ రాయాలని గట్టిగా ఉంటే ఇక్కడ కూర్చుని కుదరదు. రాత్రి గౌతమి రైలు ఎక్కి పొద్దున హైదరాబాదులో దిగి నాలుగు మాటలు చెప్పి వచ్చేస్తే అక్కడ ఎవరికీ గుర్తుండరు. ఏడాదో రెండేళ్లో అక్కడే ఉండాలి, ఆ అద్దె కట్టగల అనువాదం పనో ఇంకోటో చేతిలో ఉండాలి. మిగతా ఏ రాతపనికైనా మన ఊరే మేలని నా గట్టి నమ్మకం. ఇల్లు సొంతం, కూరలు పెరట్లోవి. మూడు నెలల ఖర్చు ఇక్కడ దాచుకోవడం అక్కడ నెల ఖర్చు దాచుకున్నంత తేలిక.

ఏది పట్టుకున్నా చేసుకోవాల్సినవి

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. పైసా ఖర్చు లేదు, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో అయిపోతుంది. సేవలు అందించే చిన్న వ్యాపారంగా మీరు నమోదైతే, మీ దగ్గర పని చేయించుకున్నవాళ్లు ఒప్పందం ఉంటే అందులోని గడువులోపు, ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. రాత ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ఇచ్చిన హక్కు ఇది. ఎవరినీ కోర్టుకు ఈడ్చక్కర్లేదు. నా బిల్లు అడుగున ఉద్యమ్ నంబరు, ఈ గడువు ఒక్క వాక్యంలో వేస్తాను. అది మొదలుపెట్టాక ఆలస్యాలు బాగా తగ్గాయి.

ఒక కంపెనీ నుంచి ఏడాదిలో 50,000 దాటితే, 2025 ఏప్రిల్ నుంచి ఉన్న పరిమితి ప్రకారం, వృత్తి ఫీజు మీద 10 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు. మీ పన్ను అంతకంటే తక్కువైతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలామంది రిటర్న్ వేయక ఆ డబ్బు వదిలేసుకుంటున్నారు. జీఎస్టీ సేవలకు ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితేనే, కాబట్టి మొదట్లో దాని గురించి భయం అక్కర్లేదు.

ఇక రోజు గురించి. పొద్దున ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా నా సొంత రాత. ఆ వేళ ఫోన్ పక్క గదిలో ఉంటుంది. తర్వాత డబ్బు పని. మధ్యాహ్నం మనుషుల్ని కలవడం, ఫోన్లు, బిల్లులు. ఈ వరస తిరగేసి, డబ్బు పని ముందు చేసి సొంతది రాత్రికి పెట్టుకున్న రెండేళ్లలో నేను ఒక్క కథ కూడా పూర్తి చేయలేదు. డబ్బు బాగా వచ్చింది. పొద్దున లేవాలని మాత్రం ఉండేది కాదు.

లంకల్లో ఉండేవాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఊరికి మూడు రోజులు కరెంటు లేదు, సిగ్నల్ లేదు. చేతిలో ఉన్న ఫైలు గడువు దాటింది. ఏజెన్సీ వాళ్లు సగం డబ్బు కోసి, ఆ తర్వాత పని ఇవ్వలేదు. అప్పటి నుంచి ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని వినగానే, చేతిలో ఉన్నది ఉన్నట్టు పూర్తి చేసి పంపేస్తాను. జులై నుంచి సెప్టెంబరు దాకా ప్రతి గడువుకూ రెండు రోజులు ముందు వేసుకుంటాను. రాజమండ్రిలో ఒక స్నేహితురాలికి నా ఫైళ్లు తెరిచే వీలు ఇచ్చి ఉంచాను. ఆమె ఫైళ్లకు నేను అలాగే కాపలా.

ఆ పాలకొల్లు అమ్మాయికి ఇదంతా చెప్పి, నిర్ణయం నువ్వే తీసుకో అన్నాను. ఆమె దగ్గర నెల ఖర్చే ఉంది, మూడు నెలలది లేదు. డీలరు దగ్గరికి వెళ్లి నెల మొదట్లోనే డబ్బు కావాలని అడిగింది. ఆయన కాస్త తటపటాయించి ఒప్పుకున్నాడట. ఏజెన్సీకి వారానికి రెండు రోజులే చేస్తానని రాసింది, వాళ్లూ సరేనన్నారు. మొన్న ఫోన్ చేసి, "అక్కా, ఇవాళ చెరువు గట్టు మీద మా నాన్నకు తెలిసినాయన నేను రాసిన సూచన ఇంకొకరికి చదివి వినిపిస్తున్నాడు, అది నేనే రాశానని ఆయనకు తెలీదు" అంది. చెప్పావా మరి అని అడిగాను. "ఆయ్, చెప్పాను" అని నవ్వింది. ఈ సార్వా నుంచి పొద్దున్నే వాళ్ల మామ్మ చెప్పే కథలు రికార్డు చేసుకుంటోందట.